పాత పందెపు కార్లు – పదిమంది పూనిక

పందెపు కార్లలో ఒక తెగ కలదు. దాని నాలుగు చక్రములును శరీరమునకు వెలుపల, గాలిలో తిరుగుచు కనబడును. వాటిపై రేకు కప్పు ఉండదు. నడుమ చుట్ట ఆకారమున సన్నని దేహము, అందులో నడుపువాడొక్కడే కూర్చుండుటకు చోటు. తలుపులు లేవు, దీపములు లేవు, సామాను పెట్టుకొనుటకు స్థలము లేదు. మద్రాసు సమీపమున షోలవరములో, యుద్ధకాలపు విమానముల బాటపై, కొన్ని దశాబ్దములపాటు జరిగిన పందెములకు వెళ్లిన తెలుగువారు ఇట్టి కార్లను చూచియుందురు. తక్కినవారు పత్రికలలో బొమ్మలనైనను చూచియుందురు. వాటి వేగమును గూర్చియు, నడుపువారి సాహసమును గూర్చియు కావలసినన్ని మాటలు లోకములో ఉన్నవి. మేము ఈ ప్రసంగములో చెప్పదలచినది ఆ కారు ముసలిదైన పిమ్మటి కథ.

పందెపు కారునకు ముసలితనము చాల త్వరగా వచ్చును. దానిని కట్టినవాడు ఈ ఏటి గెలుపు కొరకే కట్టును. మరుసటి యేడు పోటీదారుడు అంతకంటె తేలికయైన కారు తెచ్చినచో, నిరుటి కారు పాతబడినట్లే. పది యేండ్లు నడువవలెనని దానిని ఎవరును కట్టరు. విడిభాగములు గోదాములో నిలువచేసి ఉంచరు. చివరకు కట్టిన కంపెనీయే మూతపడును. మన ఊరి లారీకో, అద్దె కారునకో ఒక భాగము విరిగినచో విజయవాడ ఆటోనగరునకు పోయి వెదకిన దొరకును. అక్కడ దొరకనిచో దొరకునట్టి దుకాణము ఎక్కడ ఉన్నదో చెప్పువాడైనను దొరకును. పాత పందెపు కారునకు అట్టి ఆటోనగరు ఏ దేశమునను లేదు. ఐనను డెబ్బదియైదేండ్ల క్రిందట కట్టిన కార్లు ఇంగ్లండులో నేటికిని పందెములలో పరుగెత్తుచున్నవి. అవి పరుగెత్తుటకు కారణము వాటి యజమానుల ధనము కాదు. ధనము కొంత కావలసినదే. కాని ధనమొక్కటే చాలియుండినచో ఆ కార్లు ఎన్నడో అద్దాల గదులలోనికి పోయి నిలిచియుండెడివి.

విషయము స్పష్టమగుటకు ఒక్క జాతి కార్లను ఎన్నుకొందము. అవి 500 సి.సి. కార్లు.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన నాటికి ఇంగ్లండులో పెట్రోలు రేషను ఉన్నది. అది 1950 వరకు తొలగలేదు. ఇనుము కరవు, డబ్బు కరవు, ఉత్సాహము మాత్రము మెండు. బ్రిస్టలు నగరమున విమానముల కర్మాగారముతో సంబంధమున్న కొందరు ఔత్సాహికులు 1946 ప్రాంతమున ఒక ఆలోచన చేసిరి. పెద్ద ఇంజనుల జోలికి పోక, మోటారు సైకిలు ఇంజనును పెట్టుకొని చిన్న పందెపు కారు కట్టుకొనినచో సామాన్యుడును పందెమున దిగవచ్చును గదా అనునదే ఆ ఆలోచన. ఇంజను పరిమాణము 500 ఘన సెంటీమీటర్లకు మించరాదు. తక్కినదంతయు ఎవరి నేర్పు వారిది. అట్లు 500 క్లబ్బు ఏర్పడెను. ఆ క్లబ్బు ‘ఐయోటా’ యను పత్రికను నడిపెను. ఎవడెట్లు ఛాసిస్ అతికెనో, ఎవని చైను ఎందుకు తెగెనో అందులో వ్రాసుకొనెడివారు. ఈ క్లబ్బే పేరు మార్చుకొని 1954 నుండి బ్రిటిష్ రేసింగ్ అండ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బుగా ప్రసిద్ధికెక్కినది.

ఆ 1946వ సంవత్సరముననే లండను సమీపమున సర్బిటనులో చార్లెస్ కూపరు గారి గరాజులో, ఆయన కుమారుడు జాన్ కూపరు, మిత్రుడు ఎరిక్ బ్రాండనుతో కూడి ఒక కారు కట్టెను. రెండు చిన్న ఫియట్ కార్ల ముందు భాగములను తెచ్చి, ఒకటి ముందునకును ఒకటి వెనుకకును వచ్చునట్లు అతికిరి. ఇంజనునుండి చైను ద్వారా వెనుక చక్రములకు శక్తి పోవలెను గనుక ఇంజనును నడుపువాని వీపు వెనుక పెట్టిరి. సౌలభ్యము కొరకు చేసిన ఆ ఏర్పాటు పదునాలుగేండ్లలో పందెపు కార్ల లోకమునంతను తల్లక్రిందులు చేసెను. 1959లోను 1960లోను జాక్ బ్రాభం ప్రపంచ విజేతయైనది ఇంజను వెనుకనున్న కూపరు కారులోనే. 500 కార్లలో చేయి తిప్పుకొన్నవారి పేర్లు చెప్పనవసరము లేదేమో. స్టర్లింగ్ మాస్ 1948లో కూపరు 500తోనే బయలుదేరెను. ఆ యేడు సెప్టెంబరులో గుడ్‌వుడ్ పందెపు బాట తెరచిన నాడు 500 కార్ల పందెమును గెలుచుకొనెను. ఆ గుడ్‌వుడ్ కూడ మన షోలవరము వలెనే యుద్ధకాలపు విమానముల స్థలము. 1950లో ఈ తరగతికి ఫార్ములా 3 అను అంతర్జాతీయ హోదా లభించెను. పదియేండ్లు తిరుగకముందే క్రొత్త తరగతులు వచ్చి దీనిని ప్రక్కకు నెట్టెను. కార్లు పాకలలోనికి, కోళ్ల గూళ్ల చెంతకు చేరెను.

ఈ ఇంజను ఎట్టిదో తెలియుటకు మన శ్రోతలు శ్రమపడనక్కరలేదు. మన వీథులలో గుండె కొట్టుకొనుచున్నట్లు ధ్వనించుచు పోవు బుల్లెట్ మోటారు సైకిలును తలచుకొనిన చాలును. ఒక్కటే సిలిండరు, ఒక్కటే పిస్టను, ఆ జాతియే. కాని పందెపు ఇంజనుకు పెట్రోలునకు బదులు మిథనాలు పోయుదురు. ఇంజను చల్లగా ఉండి ఎక్కువ బలమిచ్చుటకది. నూనెగా ఆముదము పోయుదురు. అవును, ఆముదమే. మిక్కిలి వేడిలో సైతము లోహమును పట్టుకొని విడువని గుణము ఆముదమునకున్నంత ఆనాటి మరి యే నూనెకును లేకుండెను. ‘కాస్ట్రాల్’ అను పేరు ఆముదపు ఆంగ్లనామమునుండియే 1909లో పుట్టినది. మన మహబూబ్‌నగరు, నల్లగొండ మెట్టపొలములలో విరివిగా పండిన పంట ఇంగ్లండు పందెముల పొగలో వాసన వేయుట ముచ్చటయైన సంగతి. ఆ వాసన కొరకే పందెములకు వెళ్లువారు నేటికిని ఉన్నారు. అయితే ఆముదమునకొక చెడుగుణము కలదు. నిలువ ఉండినచో చిక్కబడి జిగురగును, ఖనిజ తైలముతో పొసగదు. మిథనాలు మరింత చెడ్డది. గాలిలోని తేమను త్రాగి అల్యూమినియమును, మెగ్నీసియమును తినివేయును. కనుక ఈ కారును పందెమైన వెంటనే కడిగి, నూనె తీసి, ఇంధనపు గొట్టములలో పెట్రోలు పోసి శుభ్రపరుపవలెను. విశ్రాంతిగా మూలనుంచిన పాత కారు, పరుగెత్తుచున్న కారుకంటె త్వరగా చెడును. వస్తుప్రదర్శనశాలలో ఉన్నది భద్రముగా ఉన్నదనుకొనువారు ఈ సంగతి ఆలోచింపవలెను.

పాకలలో పడియున్న ఆ కార్లను కొందరు తిరిగి వెలికి తీసిరి. నేడు వారికి 500 యజమానుల సంఘమని ఒక సంఘము కలదు. 1966లో మూతపడిన గుడ్‌వుడ్ బాట 1998లో పాతకార్ల పందెముల కొరకు తిరిగి తెరవబడిన పిమ్మట అక్కడను ఈ చిన్నకార్లు పరుగెత్తినవి. ఇట్టి సంఘములలో పని జరుగు తీరు ఎట్టిది? ఒక్క చక్రమును ఉదాహరణముగా తీసికొని చూతము.

కూపరు కారు చక్రము తేలిక లోహముతో పోతపోసినది. బ్రేకు డ్రమ్ము కూడ చక్రముతో కలిసియే ఉండును. ఆ లోహములో మెగ్నీసియము హెచ్చు పాలు. కొట్టిన గంటవలె మ్రోగు ఆ చక్రము కొంత కాలమునకు తేమ తగిలి తెల్లని పొడి రాల్చును, లోలోపల గుల్లబారును. పైకి రంగు వేసి చూచినచో క్రొత్తదానివలెనే ఉండును. కాని గంటకు 100 మైళ్ల వేగమున మలుపు తిరుగునపుడు అది ఆకులు విరిగి ముక్కలైనచో నడుపువాని గతి ఏమి? కావున చక్రమును మార్చవలసినదే. మార్చుటకు క్రొత్తది కావలెను. క్రొత్తదానిని పోయించుటకు ముందు కొయ్యతో అచ్చు చేయింపవలెను. ఆ అచ్చు చక్రముకంటె కొంచెము పెద్దదిగా ఉండవలెను, ఏలయనగా పోసిన లోహము చల్లారి కుదించుకొని పోవును. ఎంత కుదించుకొనునో ఎరిగిన వడ్రంగులు నేడు అరుదు. అచ్చు సిద్ధమైన పిమ్మట పోతపని కర్మాగారమువారిని ఒప్పింపవలెను. వారు ‘ఒక్క చక్రము పోయము, కనీసము నలువది యైననే కొలిమి వెలిగింతుము’ అందురు. పోసిన చక్రమును ఎక్స్‌రే తీసి చూడవలెను, తగిన వేడిలో ఉంచి గట్టిపరుపవలెను, లేత్ మీద త్రిప్పి కొలతకు తేవలెను. అన్నియు కలిపి చూచినచో ఒక్క యజమాని తన ఒక్క కారు కొరకు ఈ పని తలపెట్టుట గుఱ్ఱపు నాడా కొరకు ఇనుపగని తవ్వుట వంటిది.

పదిమంది కలసినచో లెక్క మారిపోవును. అచ్చు ఖర్చు పది పాళ్లగును. నలువది చక్రములు ఒక్కసారి పోయింతురు. అచ్చు సంఘము సొత్తుగా ఉండును. మరల పదియేండ్లకు మరి పదిమందికి అవసరమైనచో మొదటి ఖర్చు లేదు. ఇది చెప్పుటకు సులభముగా తోచును. చేయుట సులభము కాదు. ఎవరి కారు చక్రమును కొలత కొరకు విప్పుట? పోసిన వాటిలో ఆరు చెడిపోయినచో ఆ నష్టము ఎవరిది? ‘నాకు రెండే చాలును’ అనువానిని ఎట్లు చూచుట? డబ్బు ముందుగా ఇచ్చినవాడు చక్రములు రాకముందే కారు అమ్ముకొనినచో? ఈ ప్రశ్నలన్నిటికిని ఎవరో ఒకరు కూర్చుండి, ఉత్తరములు వ్రాసి, లెక్కలు కట్టి సమాధానము చెప్పవలెను. ఆ ఒకరికి జీతము లేదు, పేరు కూడ రాదు. పందెములో గెలిచినవాని చిత్రము పత్రికలో పడును గాని, చక్రముల లెక్క వ్రాసినవాని చిత్రము ఎక్కడను పడదు. మా అభిప్రాయములో ఆ కారు బ్రతికియుండుటకు గెలిచినవానికంటె ఇతడే ఎక్కువ కారకుడు.

ఇక ఇంజను సంగతి. 500 కార్లలో మొదట జె.ఎ.పి. ఇంజనులు విరివిగా ఉండెను. తరువాత నార్టన్ కంపెనీవారి మాంక్స్ ఇంజను అన్నిటిని మించిపోయెను. నార్టన్ వారు ఆ ఇంజనును విడిగా అమ్ముటకు ఇష్టపడలేదు. అందుచేత కారు పందెగాండ్రు మోటారు సైకిలు మొత్తము కొని, ఇంజను ఊడదీసికొని, మిగిలిన చట్రమును వచ్చిన ధరకు అమ్మివేసెడివారు. ఆ ఖాళీ చట్రములలో ఇతరులు ట్రయంఫ్ ఇంజను బిగించి ‘ట్రైటన్’ అను క్రొత్త జాతి బండిని పుట్టించిరి. ఒకని పొట్టు మరియొకనికి గింజయైనది! ఆనాటి ఈ సంబంధము నేడు మరొక రూపమున ఉపయోగపడుచున్నది. పాత మోటారు సైకిళ్ల పందెములవారు కూడ అదే మాంక్స్ ఇంజనును కాపాడుకొనుచున్నారు. వారి సంఖ్య ఎక్కువ గనుక పిస్టనులు, వాల్వులు, కనెక్టింగ్ రాడ్లు, చివరకు ఇంజను పెట్టెలు సైతము క్రొత్తగా తయారగుచున్నవి. నాలుగు చక్రములవారు రెండు చక్రములవారి పంక్తిలో కూర్చుండి భోజనము చేయుచున్నారన్నమాట. వెనుకటికి మోటారు సైకిలువారి చట్రములు వీథిపాలు చేసినందుకు ఇది మంచి ప్రాయశ్చిత్తమే.

పందెపు బాట చెంత, కార్లు నిలిపి మరమ్మతు చేసికొను ఆవరణలో, ఒక ఆచారము కలదు. ఉదయము ఒకని మాగ్నెటో పాడైనచో, మధ్యాహ్నము అతనితో పోటీపడవలసినవాడే తన పెట్టెలోనిది తీసి ఇచ్చును. మన పల్లెలలో దుక్కి రోజులలో నాగలి విరిగినచో ప్రక్క పొలమువాడు చేబదులిచ్చును గదా, అట్లే. ఇచ్చినవాడు ఆ మధ్యాహ్నము ఓడిపోవచ్చును. ఐనను ఇచ్చును. ఇందులో గొప్ప ధర్మమేదియు లేదని కొందరందురు. ఇరువది కార్లు ఉండవలసిన పందెములో ఆరే మిగిలినచో నిర్వాహకులు ఆ పందెమునే తీసివేయుదురు, అప్పుడు అందరి కార్లును పాకకే పోవును, కావున ఇది స్వార్థమేనందురు. అట్లే కానిండు. అందరి స్వార్థమును ఒక్క త్రోవలో నడచునపుడు దానికి సహకారమనియే పేరు.

దాచుకొనుటయు లేకపోలేదు. కామ్ షాఫ్టు ఆకృతి, కార్బ్యురెటరు జెట్టు కొలత, గేరు పండ్ల నిష్పత్తి, ఇట్టివి ఎవరివి వారివి. పోటీ అన్న తరువాత అది న్యాయమే. కాని దాచరాని రహస్యమొకటి కలదు. అది పగులు.

ఉక్కుకు అలసట ఉన్నదని ఇంజనీర్లు చెప్పుదురు. ఒక్క పెద్ద దెబ్బకు విరుగని కడ్డీ, లక్షలసార్లు చిన్నగా వంగి వంగి, ఒకనాడు ఏ దెబ్బయు లేకుండనే విరుగును. విరుగుటకు ముందు వెండ్రుకవాసి పగులు పుట్టి లోనికి ప్రాకును. కంటికి కనబడదు. కనిపెట్టుటకు మార్గములు ఉన్నవి. ఇనుపభాగమైనచో దానిని అయస్కాంతముగా చేసి సన్నని ఇనుపపొడి చల్లుదురు. పగులున్నచోట పొడి గీతకట్టును. మెగ్నీసియము, అల్యూమినియములకు అయస్కాంతము పనిచేయదు గనుక ఎఱ్ఱని రంగుద్రవము పూసి, తుడిచి, తెల్లని పొడి అద్దుదురు. పగులులో దాగిన రంగు పొడిపై ఎఱ్ఱగా ఉబికి వచ్చును. ఐతే ప్రతి కారునందును వందల భాగములు. ఎక్కడ చూడవలెనో తెలియవలెను. ఒకే నమూనా కార్లలో పగులు ఒకే చోట పుట్టుట తరచు. స్టీరింగు కడ్డీ మెడయందు ఒకని కారులో గీత కనబడినచో, అదే గీత మరి ముప్పది కార్లలో పుట్టుచుండవచ్చును. ఆ మొదటివాడు నోరు మెదపక తన కడ్డీ మాత్రము మార్చుకొని ఊరకుండినచో ఏమగునో చెప్పవలసిన పని లేదు. అందుకే మంచి సంఘములు పగులు వార్తను ఆలస్యము లేక అందరికిని చేర్చును. ఇందువలన ఆ నమూనా కారు ధర పడిపోవునని జంకువారు కొందరు ఉందురు. ఆ జంకును సంఘము సహింపరాదు.

మెరుగు కొరకు చేయు పనియే మృత్యువు తెచ్చిన సందర్భములును యంత్రశాస్త్రమునకు ఎరుకయే. తళతళలాడుటకని గట్టి ఉక్కు భాగములకు క్రోమియము పూత పూయించుట పాత అలవాటు. ఆ పూతపనిలో పుట్టు హైడ్రోజను ఉక్కులోనికి చొరబడి దానిని పెళుసు చేయును. తగిన వేడిలో ఉంచి ఆ హైడ్రోజనును వెడలగొట్టనిచో మెరయుచున్న భాగమే ముందు విరుగును. పైపెచ్చు ఆ పూత లోపలి పగులును కప్పిపుచ్చును. అందమైన పాత కారును కొన్న క్రొత్త యజమానికి ఈ సంగతి ఎవరు చెప్పవలెను? అమ్మినవాడు చెప్పడు. సంఘములోని పాతకాపు చెప్పవలెను. మిథనాలు మంట పట్టపగలు దాదాపు కంటికి కనబడదనియు, కారు కాలుచుండగా ప్రక్కనున్నవానికి తెలియకపోవచ్చుననియు కూడ అతడే చెప్పవలెను.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. చక్రములు క్రొత్తవి, పిస్టను క్రొత్తది, స్టీరింగు కడ్డీ క్రొత్తది, ఛాసిస్ గొట్టములలో సగము మార్చినవి. అట్టిదానిని 1952 నాటి కారని ఎట్లనవచ్చును? మన దేవాలయముల రథములను చూడుడు. చెదపట్టిన కొయ్య తీసి వడ్రంగి క్రొత్త కొయ్య వేయును. ఒకయేడు ఇరుసు, ఒకయేడు చక్రము. నూరేండ్లలో పాతకొయ్య ఎంత మిగులునో ఎవరును కొలువరు. రథము మాత్రము అదే రథము. ఏలయనగా ఊరంతయు చూచుచుండగా, ఒక్కొక్క ముక్కయే మారినది. పందెపు కారునకు ఆ ఊరి సాక్ష్యము వంటిదే సంఘము ఉంచు జాబితా. ఏ సంఖ్యగల ఛాసిస్ ఎవరు కొనిరి, ఎవరికి అమ్మిరి, ఎక్కడ గుద్దుకొన్నది, ఏ భాగము ఎప్పుడు మారినది, ఇవన్నియు వ్రాసి ఉంచుదురు. ధరలు పెరిగిన ఈ కాలమున దీని అవసరము మరింత హెచ్చినది. పాత కారు నుండి తీసివేసిన వంకర చట్రమును ఒకడు కొని, దానికి తక్కినవన్నియు క్రొత్తగా కూర్చి, ‘అసలైనది నాదే’ అనవచ్చును. ఒకే సంఖ్యకు రెండు కార్లు వాదుకు వచ్చుట పాతకార్ల లోకమున క్రొత్త కాదు. అంతర్జాతీయ మోటారు సమాఖ్యవారు పాత కార్లకు ఇచ్చు సాంకేతిక పత్రము కారు ఆనాటి లక్షణములతో ఉన్నదా యని తేల్చును. ఆ ఇనుము ఎవరి చేతులు దాటి వచ్చినదో తేల్చవలసినది జాబితా ఉంచినవారే.

500 కార్ల పిమ్మట వచ్చినవి ఫార్ములా జూనియర్ కార్లు. ఇటలీ దేశీయుడు కౌంట్ జానీ లురాని ఆలోచన అది. 1958లో ఆరంభమై 1963 వరకు సాగెను. ఇంజను, గేరు పెట్టె అంగళ్లలో దొరకు మామూలు కార్లవై ఉండవలెనని నిబంధన. ఇటలీవారు ఎక్కువగా ఫియట్ 1100 ఇంజనును వాడుకొనిరి. మన బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ కట్టిన ఫియట్, ఆ తరువాతి పద్మిని, ఆ కుటుంబములోనివే. జిమ్ క్లార్క్ 1960లో లోటస్ 18తో పైకి వచ్చినది ఈ తరగతిలోనే. ఈ కార్ల యజమానులు 1975లో ఇంగ్లండులో తమ సంఘమును స్థాపించుకొనిరి. వారి సహకారమున మాకు మెచ్చదగినదిగా తోచునది టైర్ల విషయము. క్రొత్త రకపు రబ్బరు టైరు తొడిగినచో పాత కారు మలుపులలో ఎక్కువ పట్టు చూపి ముందుకు పోవును. కాని ఆ పట్టునకు తగినట్లు ఆనాటి చక్రములు, కడ్డీలు రూపొందింపబడలేదు. అధికమైన పట్టు వాటిని త్వరగా విరుచును. డన్‌లప్ వారి పాత రకపు టైరునకే అందరును కట్టుబడినందున వేగము కొంత తగ్గినది, కార్లు బ్రతికినవి. అందరును ఒకే టైరు కొనుటచేత తయారుచేయువారికిని గిట్టుబాటగును. గెలుపు కొరకు వచ్చినవారు తమంత తాము వేగము తగ్గించుకొనుటకు ఒప్పుకొనుట చిన్న విషయము కాదు.

సంఖ్య పెద్దదైనచో పెద్ద కంపెనీలకును చెవులు వినబడును. 1967 జూలై 2న ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్ బాటపై మొదటి పందెము జరుపుకొన్న ఫార్ములా ఫోర్డ్ కార్లు ‘కెంట్’ అను మామూలు ఫోర్డ్ ఇంజనుతో నడుచును. ప్రపంచమంతట వేలకొలది కార్లు తయారైనవి. బోరు పెంచి పెంచి సిలిండరు గోడలు పలుచబడి పనికివచ్చు బ్లాకులు కరవయ్యెను. చివరకు 2010లో అమెరికాలోని ఫోర్డ్ పందెముల విభాగమువారు ఆ పాత బ్లాకును తిరిగి క్రొత్తగా పోతపోయించి అమ్మకమునకు పెట్టిరి. మామూలు కార్లలో అది ఎన్నడో అంతరించిన ఇంజను. యజమానులు ఒక్కొక్కరుగా విడివిడిగా ఉత్తరములు వ్రాసినంత మాత్రమున ఇది జరిగెడిది కాదు. 500 కార్లవారికి అంత సంఖ్య లేదు. వారి కొలిమి వారే వెలిగించుకొనవలెను.

వారికి నిజమైన భయము చక్రములను గూర్చి కాదు, మనుష్యులను గూర్చి. 1950 నాటి పందెములలో చేయి నల్లబడిన మెకానిక్కులు దాదాపు గతించిరి. వారి వద్ద నేర్చిన తరము కూడ ఇప్పుడు వృద్ధాప్యములో ఉన్నది. చట్రమును కంప్యూటరు కొలిచి ఇచ్చును, పోతకు కావలసిన ఇసుక మూసను సైతము నేడు యంత్రమే అచ్చొత్తి ఇచ్చును. ఇవి గొప్ప వరములే. కాని ఇంజను ధ్వని మారినపుడు ఏ బేరింగు ఏడ్చుచున్నదో చెప్పు చెవిని యంత్రము ఇంకను ఇవ్వలేదు. ధర చూచి జంకి, కారును బాటపైకి తీయుటయే మానిన యజమానులును కలరు. వారిని నిందింపలేము. కాని నిలిచిపోయిన ప్రతి కారుతోను టైరు కొనువాడొకడు, చక్రమునకు వాటా పెట్టువాడొకడు తగ్గును.

ఇందుకు ప్రతిగా కొందరు చేయుచున్న పని ఇది. కారు తమది, నడుపుట మాత్రము తక్కువ వయస్సువారికి అప్పగింతురు. ఇచ్చునపుడు ఒక్క షరతు. పందెము కాగానే నూనె తీయుట, మిథనాలు కడుగుట, చైను బిగువు చూచుట, రంగుద్రవముతో పగుళ్లు వెదకుట కూడ వారే చేయవలెను. ప్రక్కన పెద్దవాడు స్టూలు వేసికొని కూర్చుండును. ఈ కార్లకు మీట నొక్కిన కదలు ఏర్పాటు లేదు. ఇంజను పలుకవలెనన్న వెనుకనుండి నెట్టవలెను. నెట్టుటకు కనీసము ఇద్దరు కావలెను. సాధారణముగా ఆ ఇద్దరిలో ఒకడు ప్రక్క కారు యజమానియే ఉండును.